ఎగరనని చెప్పగలిగే పోలీసు

హైదరాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు పోయిన నెలలో నాకొక ప్రశ్న పంపాడు. "మామయ్యా, పోలీసు హెలికాప్టర్ పైలట్ కావాలంటే ఏం చదవాలి?" అని. వాళ్లిల్లు అల్వాల్‌లో. పక్కనే ఉన్న హకీంపేట స్థావరంలో వాయుసేనవారి హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. అక్కడి నుంచి లేచే యంత్రాల చప్పుడు ఆ డాబా మీదికి బాగా వినిపిస్తుంది. నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. చేతక్ హెలికాప్టర్ వస్తుంటే డాబా మీద బట్టలారేస్తున్న మా అమ్మ "ఒరేయ్, మీవాడొచ్చాడు" అని కేకేసేది, నేను కంచం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే మెట్లెక్కేవాణ్ణి. కాబట్టి మావాడి కోరిక ఎక్కడ పుట్టిందో నాకెవరూ చెప్పనక్కర్లేదు.

నేను చాలా ఏళ్లుగా లాస్ ఏంజిలిస్ పక్కనున్న టారెన్స్‌లో ఉంటున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, నలభై దాటాక, ఇంట్లోవాళ్లు వద్దన్నా వినకుండా హెలికాప్టర్ నడపడం నేర్చుకుని ప్రైవేటు లైసెన్సు తెచ్చుకున్నాను. నాకు నేర్పినాయన ఒక కౌంటీ పోలీసు విభాగంలో పాతికేళ్లు హెలికాప్టర్ నడిపి రిటైరైన మనిషి. నేను పోలీసును కాను, ఆ ఉద్యోగం చేసినవాణ్ణీ కాను. కానీ ఆయన పక్క సీట్లో కూర్చున్న గంటల్లో ఆ ఉద్యోగం గురించి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మావాడికి రాసిన జవాబు పెరిగి పెరిగి ఈ వ్యాసమయింది.

ముందు వాడు అడిగినదానికి సూటిగా చెప్పాలి. భారతదేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్సు ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏవారి మొదటి తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. అమెరికాలో హెలికాప్టర్ వాణిజ్య లైసెన్సుకు కనీసం 150 గంటలు ఎగిరి ఉండాలి. ప్రైవేటుదయితే 40 చాలు, నా బోటివాడికి అంతకు రెట్టింపు పడుతుంది. ఇక్కడితో చదువు భాగం అయిపోయింది. మన ఇళ్లలో ఏ ఉద్యోగం మాటెత్తినా మొదట వచ్చేది "ఏం చదవాలి", ఆ వెంటనే "కోచింగ్ ఎక్కడ బాగుంటుంది" అన్నదే. ఈ ఉద్యోగానికి సంబంధించి ఆ రెండూ చిన్న ప్రశ్నలు.

దానికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, వాడు కోరుకుంటున్న ఉద్యోగం మన దగ్గర దాదాపు లేదు. పోలీసు నియామక మండలి నోటిఫికేషన్లలో సివిల్ ఎస్సై ఉంటాడు, సాయుధ దళపు (ఏఆర్) ఎస్సై ఉంటాడు, రవాణా విభాగంలో డ్రైవర్లూ మెకానిక్కులూ ఉంటారు, పైలట్ ఉండడు. రాష్ట్ర ప్రభుత్వాలకు హెలికాప్టర్లున్నా అవి ప్రధానంగా ముఖ్యమంత్రులూ మంత్రులూ తిరగడానికే గాని గస్తీ కోసం కొన్నవి కావు. కేంద్ర హోంశాఖ కింద సరిహద్దు భద్రతా దళానికి వైమానిక విభాగం ఉంది. మావోయిస్టు ప్రాంతాలకు జవాన్లను చేర్చేదీ, గాయపడినవారిని వెనక్కి తెచ్చేదీ చాలావరకు ఆ విభాగమూ వాయుసేనే. 2020లో కేరళ పోలీసులు నెలకు కోటికి పైగా అద్దె కట్టి పవన్ హంస్ అనే హెలికాప్టర్ సంస్థ నుంచి ఒక హెలికాప్టర్ తీసుకున్నారు. మావోయిస్టుల మీద నిఘాకూ వరదల్లాంటి విపత్తులకూ అన్నారు; అది చేసిన తొలి పెద్ద పని ఆ మే నెలలో తిరువనంతపురం నుంచి కొచ్చికి ఒక దాత గుండెను చేర్చడం. ఆ గుండె అందినావిడ విషయంలో సంతోషించని వాళ్లుండరు. అయితే అద్దె కడుతున్నందుకు హెలికాప్టర్‌కు పనులు వెతకాల్సి రావడం ఎలా మొదలవుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఆ ఉద్యోగం నిండుగా ఉన్న చోటు మా ఊరే. లాస్ ఏంజిలిస్ పోలీసు శాఖ 1956లో ఒక్క హెలికాప్టర్‌తో మొదలుపెట్టి ఇప్పుడు పదిహేడు నడుపుతోంది. నగరం నడిబొడ్డున ఒక పెద్ద ప్రభుత్వ భవనం పైకప్పంతా వాటి స్థావరమే. ఆ శాఖలో పైలట్ కావడానికి దారి విచిత్రంగా ఉంటుంది. మొదట మామూలు పోలీసుగా చేరాలి, అకాడమీ ముగించాలి, కొన్నేళ్లు కారులో గస్తీ తిరగాలి. ఆ తర్వాత ఎంపికైతే హెలికాప్టర్‌లో ఎడమ సీటు దొరుకుతుంది. హెలికాప్టర్‌లో సాధారణంగా పైలట్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమవైపు కూర్చునే పోలీసుకు కెమెరా, సెర్చ్‌లైటు, మ్యాపు, నేలమీది కార్లతో రేడియో మాట్లాడే పని అప్పగిస్తారు. వీధుల పేర్లూ, ఏ సందు ఎక్కడ తేలుతుందో, పారిపోయేవాడు ఏ గోడ దూకుతాడో వాడికి తెలియాలి. సాధారణంగా ఆ సీట్లో అరిగిపోయాకే కుడి సీటు. అంటే అక్కడ హెలికాప్టర్ పైలట్ కావడమంటే ముందు పోలీసు కావడం, ఆ తర్వాత కళ్లు కావడం, చిట్టచివరకు చేతులు కావడం.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంకో పద్ధతి. 2012 నుంచి అక్కడి పోలీసు దళాలన్నిటికీ కలిపి ఒకే జాతీయ వైమానిక సేవ ఉంది. మామూలుగా ముగ్గురు సిబ్బంది ఎగురుతారు; వెనకా పక్కనా కూర్చునే ఇద్దరు పోలీసు విధుల్లో ఉండేవారు, నడిపేవాడు మాత్రం పోలీసు కాని పైలట్. తరచుగా సైన్యంలోనో సముద్రపు చమురు బావులకు మనుషుల్ని చేరవేసే కంపెనీలోనో వేల గంటలు ఎగిరి వచ్చినవాడు. దొంగను పట్టుకోవడం అతని పని కాదు. పట్టుకునేవాళ్లను అక్కడికి చేర్చి, తిరిగి ఇంటికి చేర్చడం అతని పని.

ఏది మేలు? నాకు నేర్పినాయన మొదటి పద్ధతిలో ఎదిగిన మనిషి, దాన్నే సమర్థిస్తాడు. కింద చీకట్లో పరుగెత్తే పోలీసు గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియనివాడు పైన దీపం సరిగ్గా పట్టలేడంటాడు. ఆయన పట్ల ఎంత గౌరవమున్నా నేను ఒప్పుకోను. ఆ గుండె చప్పుడు తెలియకపోవడమే పైలట్‌కు కావలసిన అర్హత అని నా వాదన. ఎందుకో చెప్పడానికి నా మొదటి పాఠం దగ్గరికి వెళ్లాలి.

నేను నేర్చుకున్నది రాబిన్‌సన్ ఆర్22 మీద. రెండే సీట్లు, రెండే రెక్కలు, భుజాలు రాసుకునేంత ఇరుకు. అది తయారయ్యే ఫ్యాక్టరీ టారెన్స్ విమానాశ్రయం అంచునే ఉంది. మొదటిరోజు గాలిలో ఒకేచోట నిలపడం నేర్పుతూ ఆయన నాకు నడిపే మూడు సాధనాల్లో ఒక్కటే ఇచ్చాడు. కాళ్ల కింది పెడళ్లు నావి, మిగిలిన రెండూ ఆయనవి. ముక్కు ఎదురుగా ఉన్న హ్యాంగర్ తలుపు మీద ఉంచడమే నా పని. అది కాస్త కుదిరాక పెడళ్లు తీసుకుని, ఎడమచేతి కిందుండే కలెక్టివ్ అనే మీట ఇచ్చాడు. అది ఎత్తితే యంత్రం లేస్తుంది, దించితే దిగుతుంది. చివరగా కుడిచేతికి, యంత్రాన్ని ముందుకూ వెనక్కూ పక్కలకూ నడిపే సైక్లిక్ అనే కర్ర వచ్చింది. అంతవరకు బుద్ధిగా ఉన్న యంత్రం, కొత్తగా పలుపు వేసిన కోడెదూడలా ఒక్కసారిగా నాలుగు దిక్కులకూ గుంజింది. నేను ఎటు పోతోందో చూసి దిద్దేలోపు అది అటు పోవడం మాని ఇంకోవైపు బయలుదేరేది. "నువ్వు దిద్దుతున్నది అరసెకను కిందటి తప్పును" అన్నాడాయన. సుమారు ఆరు గంటల పాఠాల తర్వాత ఒక ఉదయం చెయ్యి దానంతటదే సర్దుకుంది. ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇది వివరంగా ఎందుకు రాశానంటే, బయటివాళ్లకు కష్టంగా కనిపించేది ఇదే. చూసి అబ్బురపడేది ఇదే. కానీ ఇది ఎవరికైనా వస్తుంది. ఓపికా డబ్బూ ఉంటే చాలు. ఇంజను ఆగిపోతే కలెక్టివ్‌ను ఒకటి రెండు సెకన్లలో కిందికి నెట్టి, రెక్కలను కింది నుంచి వచ్చే గాలితోనే తిప్పుకుంటూ దిగడం కూడా వస్తుంది. ఆ విద్య భయపెడుతుంది గాని నేర్చుకోదగ్గది. నేర్చుకున్నా వంటబట్టనిది వేరే ఉంది.

లైసెన్సు రాకముందు గురువు పక్కన లేకుండా ఎగిరే నా సోలో రోజుల్లో ఒకనాటి సాయంత్రం నేను ఒంటరిగా చినో విమానాశ్రయానికి వెళ్లి తిరిగి వస్తున్నాను. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో వసంతకాలం సాయంత్రాలు సముద్రం మీది నుంచి తెల్లటి మబ్బుపొర నేలకు దగ్గరగా జరిగి వస్తుంది. లోపలి ఊళ్లలో ఎండ కాస్తుంటుంది, తీరం మాత్రం దుప్పటి కప్పుకుంటుంది. ఫుల్లర్టన్ దాటుతుంటే ఆ దుప్పటి అంచు నాకు స్పష్టంగా కనబడింది. నా సోలో అనుమతిలో గురువు రాసిచ్చిన హద్దు, మబ్బు రెండు వేల అడుగులకన్నా కిందికి ఉంటే ఎగరకూడదని. ఫుల్లర్టన్ విమానాశ్రయంలో దిగిపోవచ్చు, కాస్త ముందు కాంప్టన్ విమానాశ్రయం ఉంది. అయినా నేను దిగలేదు. ఆ రాత్రి ఇంటికి చుట్టాలు వస్తున్నారు, కారు టారెన్స్‌లో ఉంది, ఇంకో పది నిమిషాల దూరమే కదా అనుకున్నాను. హైవే మీదుగా వస్తూ మబ్బు కిందకు రావడానికి వెయ్యికి దిగాను, తర్వాత ఎనిమిది వందలకు, తర్వాత ఆరు వందలకు. కింద కార్ల వెనక దీపాలు ఎర్రగా, మామూలుకంటే చాలా పెద్దవిగా కనిపించాయి. నా చెయ్యి ఎంత బిగుసుకుందంటే పిడికిలి విప్పి వేళ్లు ఆడించుకోవాల్సి వచ్చింది. ఎలాగో చేరాను. నేను దిగిన కొద్ది నిమిషాలకే రన్‌వే అవతలి చివర కనబడకుండా పోయింది.

గురువు కోప్పడలేదు. "దారిలో ఎన్ని ఖాళీ పార్కింగ్ స్థలాలు దాటావు?" అని అడిగాడు. చెప్పలేకపోయాను. "విమానంవాడికి రన్‌వే కావాలి. నీకు ఒక స్కూలు మైదానం చాలు. దింపేసి నాకు ఫోన్ చేస్తే నేనే కారు వేసుకుని వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. హెలికాప్టర్‌కున్న గొప్ప రక్షణ ఏమిటంటే ఎక్కడైనా దిగగలగడం. దాన్ని నడిపేవాడు దాదాపు ఎప్పుడూ వాడుకోనిది కూడా అదే. నా వెనక ఎవరి ప్రాణమూ వేలాడటం లేదు, చుట్టాలకు భోజనం ఆలస్యమవుతుందన్న బెంగ తప్ప. ఆ పాటి బెంగకే నేను మూడుసార్లు కిందికి దిగినవాణ్ణి, ఒక పిల్లవాడు తప్పిపోయాడని తెలిస్తే ఏం చేసేవాణ్ణి?

ఇదే నేను మావాడికి చెప్పదలచుకున్న సంగతి. పోలీసు హెలికాప్టర్ పైలట్‌కు ఎగరడం రావడం కన్నా ముందు ఎగరనని చెప్పడం రావాలి. ఆ మాట ఒక్కడి గుండెధైర్యంతో నిలబడదు. అలా చెప్పినవాణ్ణి మర్నాడు ఉదయం సంజాయిషీ అడగని శాఖ కావాలి.

ఇది నా ఊహ కాదనడానికి విచారణ నివేదికలున్నాయి. 2009 జూన్ 9 సాయంత్రం న్యూమెక్సికో రాష్ట్ర పోలీసు పైలట్ ఒకరికి, శాంటాఫే దగ్గరి కొండల్లో ఒక మహిళ దారి తప్పిందని కబురొచ్చింది. ఆయన అప్పటికే ఆ రోజు డ్యూటీ ముగించుకున్నాడు. కొండ మీద గాలి ఎక్కువగా ఉంది, వెళ్లలేనని మొదట అన్నాడు. కొద్దిసేపటికి తానే మళ్లీ ఫోన్ చేసి వెళతానన్నాడు. వెళ్లాడు, ఆమెను కనిపెట్టాడు, కొండమీదే దింపాడు, చీకట్లో కాలినడకన వెతికి ఆమెను హెలికాప్టర్ దగ్గరికి తెచ్చాడు. అప్పటికి చంద్రుడు లేని రాత్రయింది, మబ్బు కమ్మింది. పొద్దుటిదాకా అక్కడే ఉండిపోవచ్చు. లేచాడు, కొండను తాకాడు. ఆయనా ఆ మహిళా చనిపోయారు, పక్కనున్న పరిశీలకుడు తీవ్ర గాయాలతో బతికాడు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఆ నిర్ణయాన్ని కారణంగా చూపింది. దానితో పాటు పైలట్ అలసటనూ, క్షేమంకంటే పని పూర్తిచేయడానికే పెద్దపీట వేసే ఆ శాఖ ధోరణినీ లెక్కలోకి తెచ్చింది. ఆయన అదే శాఖకు పత్రికా ప్రతినిధిగా కూడా పనిచేసేవాడన్న సంగతి చదివినప్పుడు నేను ఆగిపోయాను. ఒకే మనిషి చేత ఎన్ని ఉద్యోగాలు చేయించారు!

2013 మార్చిలో అలాస్కా రాష్ట్ర పోలీసు హెలికాప్టర్ మంచు బండి మీద వెళ్లి చిక్కుకుపోయినవాణ్ణి తెస్తూ రాత్రివేళ కూలి, ముగ్గురూ చనిపోయారు. అక్కడా పైలట్ చెడువాతావరణంలోకి సాగిపోయాడు, అక్కడా మండలి శాఖ వైపు వేలు చూపింది: తప్పు జరిగితే మనిషిని శిక్షించడమే తెలిసిన వాతావరణం ఆ శాఖలో ఉందని రాసింది.

ఈ రెండు కథల్లోనూ పైలట్లు మంచివాళ్లే. వాళ్ల మంచితనమే అక్కడిదాకా తీసుకెళ్లింది. చాలా ఎయిర్ అంబులెన్స్ సంస్థలు దీనికొక ఉపాయం కనిపెట్టాయి. వాతావరణం చూసి వెళ్లగలనో లేదో పైలట్ చెప్పేదాకా, రోగి ఎవరో ఏమయిందో అతనికి చెప్పరు. మూడేళ్ల పాప అని తెలిస్తే మబ్బు పల్చగా కనబడుతుంది, అది మనిషి కంటి దోషం. పోలీసు పైలట్ పోలీసే అయితే ఈ ఉపాయం పారదు. పాప సంగతి అతనికి తన రేడియోలోనే వినిపిస్తుంది, పరుగెత్తుతున్నవాడు తన బ్యాచ్ మిత్రుడై ఉంటాడు. అందుకే నాకు బ్రిటిష్ పద్ధతి నచ్చుతుంది. పక్కవాడు పోలీసుగా ఆలోచించాలి, నడిపేవాడు గాలినీ ఇంధనాన్నీ మాత్రమే ఆలోచించాలి.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణ నేనే చెబుతాను. 2013 నవంబరు 29 రాత్రి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్ జనంతో నిండిన క్లూథా అనే పబ్ పైకప్పు మీద కూలింది. లోపలివారు ఏడుగురు, హెలికాప్టర్‌లోని ముగ్గురు చనిపోయారు. నడిపినాయన వాయుసేనలో పనిచేసి వచ్చిన అనుభవజ్ఞుడు, పోలీసు కాదు. ప్రధాన ట్యాంకులో ఇంధనం మిగిలే ఉంది. దాన్ని ఇంజన్లకు చేర్చే పంపుల స్విచ్‌లు ఆపేసి ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరిక ఐదుసార్లు వచ్చింది, ఐదుసార్లూ బటన్ నొక్కి దాన్ని గమనించినట్టు నమోదైంది. ఆ రాత్రి మొదటి పని అత్యవసరమైనదే. ఆ తర్వాతవి ఇంటిదారిలో పైనుంచి ఒకసారి చూసి రావడం లాంటి మామూలు పనులు. పంపులు ఎందుకు ఆగి ఉన్నాయో ఎవరూ తేల్చలేకపోయారు. కాబట్టి పోలీసు కాని పైలట్‌ను పెడితే ప్రమాదాలు ఆగిపోతాయని నేను అనను. అయితే ఒకటి గమనించాలి: ఎగరనని మొదట్లో ఒకసారి చెప్పడంతో సరిపోదు, గాలిలో ఉండగా ప్రతి చిన్న పనికీ "ఇక చాలు" అని చెప్పగలగాలి. ఇంటిదారిలో ఇంకొక్కటి చూసి పోదామన్న మాటకు కాదనడం పెద్ద తుఫానులో కాదనడం కన్నా కష్టం.

ఆ చిన్న పనులు ఎక్కడి నుంచి వస్తాయి? యంత్రం ఉన్నందుకు వస్తాయి. 2023 చివర్లో లాస్ ఏంజిలిస్ నగర ఆడిట్ అధికారి పోలీసు హెలికాప్టర్ల లెక్క తీశారు. ఏడాదికి సుమారు 4.66 కోట్ల డాలర్ల ఖర్చు, రోజులో దాదాపు అన్ని వేళలా రెండు హెలికాప్టర్లు గాలిలో, ఎగిరిన సమయంలో 61 శాతం తీవ్ర నేరాలతో సంబంధం లేని పనులకు. మా ఇంటి మీద అర్ధరాత్రి ఒక హెలికాప్టర్ ఇరవై నిమిషాలు చుట్టు తిరిగి కిటికీ అద్దాలు గజగజలాడించి వెళ్లిపోతే, పొద్దున్నే ఎందుకని ఎవరికీ తెలియదు. హెలికాప్టర్ మీద నాకున్న మోజు అక్కడ కొంత చల్లారుతుంది. కేరళ అద్దె విషయంలో నేను చెప్పదలచిందీ ఇదే. డబ్బు కట్టేశాం కాబట్టి ఎగరాలి అన్న లెక్క మొదలైన చోట, ఎగరనని చెప్పే పైలట్ దండుగ ఖర్చులా కనిపిస్తాడు.

చెప్పగలిగే శాఖ ఎలా ఉంటుందో కూడా ఇదే ఊళ్లో చూశాను. 2020 జనవరి 26 ఆదివారం ఉదయం పొగమంచు పట్టింది. లాస్ ఏంజిలిస్ పోలీసుల కనీస హద్దు రెండు మైళ్ల చూపు, ఎనిమిది వందల అడుగుల మబ్బు ఎత్తు. అది లేదని వాళ్లు హెలికాప్టర్లను నేలమీదే ఉంచారు. ఆ ఉదయమే బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌ను, ఆయన కూతుర్ని, మరికొందరిని తీసుకుని ఒక ప్రైవేటు హెలికాప్టర్ బయలుదేరింది. కాలబాసస్ కొండల దగ్గర మబ్బులో చిక్కుకున్నాక, నాలుగు వేల అడుగులకు ఎక్కుతున్నానని పైలట్ కంట్రోలర్‌కు చెప్పాడు. అదే సమయంలో యంత్రం ఎడమకు తిరుగుతూ దిగుతోంది. అబద్ధమాడలేదాయన, బయట ఏమీ కనబడనప్పుడు చెవిలోని ద్రవం మనిషికి ఎక్కుతున్నట్టే చెబుతుంది. తొమ్మిది మంది పోయారు. ప్రముఖుణ్ణి మోసుకెళ్లే పైలట్‌కు ఎవరూ ఏమీ అనకపోయినా తనంతట తానే తెచ్చుకునే ఒత్తిడి ఉంటుందని నివేదిక రాసింది.

ఆ వాక్యం చదివిన తెలుగువాడికి 2009 సెప్టెంబరు 2 గుర్తుకు రాకుండా ఉండదు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయి, మర్నాడు పావురాలగుట్ట మీద దొరికింది. గేర్‌బాక్సు ఆయిల్‌కు సంబంధించిన హెచ్చరిక వచ్చాక, దానికేం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు విలువైన నిమిషాలు గడిపారనీ, ఆలోగా చెడు వాతావరణంలో యంత్రం అదుపు తప్పిందనీ విచారణ సంఘం తేల్చింది. ఎవరో ఒత్తిడి చేశారని నేను అనడం లేదు, నివేదికా అనలేదు. అంతకు ఏడేళ్ల ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. నేను అడిగేది ఒక్కటే. మన రాష్ట్రాల్లో, పొద్దున్నే వీఐపీ మెట్లెక్కుతుంటే "అయ్యా, ఇవాళ కుదరదు, కారులో వెళ్లండి" అని చెప్పి, సాయంత్రానికి అదే కుర్చీలో కూర్చోగలిగిన పైలట్ ఉన్నాడా? అతనికి ఆ హక్కు కాగితం మీద ఉంది. అలవాటులో ఉందా? ఆ అలవాటు లేనిచోట పోలీసు హెలికాప్టర్ దళం పెట్టడమంటే, అదే యంత్రాన్ని పగటి సభల నుంచి రాత్రి కొండల్లోకి మార్చడమే.

దీనికి ఎదురు జవాబు నాకు తెలుసు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవరు నీళ్లలోకి బండి తోలి వాళ్లందరినీ తెచ్చాడు. ఆ రోజు ఎవరైనా పైలట్ ఎగరనని చెప్పి ఉంటే, టీవీ ముందు కూర్చున్న మనమంతా అతన్ని పిరికివాడని ఉందుము. ఆ డ్రైవరుకు నేనూ దండం పెడతాను. కానీ జేసీబీ ఆగిపోతే నీళ్లలో ఆగిపోతుంది. హెలికాప్టర్ ఆగిపోతే ఆ తొమ్మిది మంది మీదే పడొచ్చు. సాహసం రెండు చోట్లా ఒకటే, లెక్క మాత్రం ఒకటి కాదు.

మా గురువును ఇదే అడిగాను, మీరు కాదన్న రాత్రి ఎవరైనా పోయారా అని. చాలాసేపు హెలికాప్టర్ తోకకు పట్టిన నూనెను బట్టతో తుడుస్తూ ఉండిపోయాడు. ఒకాయన పోయాడన్నాడు. చిత్తభ్రమ ఉన్న పెద్దాయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు, పొగమంచు, ఈయన ఎగరనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం శవం దొరికింది. "మా కెప్టెన్ వచ్చి నా లాగ్ షీటు మీద, వాతావరణ కారణంగా రద్దు అని నేను రాసిన లైను కింద, తన సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఏమీ అనలేదు. ఆ సంతకం లేకపోతే తర్వాతి పొగమంచు రాత్రి నేను ఎగిరేవాణ్ణి" అన్నాడు.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. కాలిఫోర్నియాలోనే చూలా విస్టా పోలీసులు 2018 నుంచి ఫోను రాగానే స్టేషన్ మీది నుంచి డ్రోన్ పంపుతున్నారు. విజయవాడను బుడమేరు ముంచినప్పుడు డ్రోన్లు అన్నం పొట్లాలు కూడా మోశాయి. పైనుంచి చూసే పని క్రమంగా వాటికే పోతుంది, పోవాలి కూడా. లాస్ ఏంజిలిస్ లెక్కలోని ఆ 61 శాతంలో చాలా భాగం అలా తీరిపోతుంది. అయితే మనిషి నడిపే హెలికాప్టర్‌కు చివరికి మిగిలేవి కొండలూ, వరదలూ, రాత్రులూ. సులువైన పనులు పోయి కాదనాల్సిన పనులే మిగులుతాయి. మావాడు పైలట్ అయ్యే నాటికి ఈ ఉద్యోగం ఇప్పటికన్నా అరుదవుతుంది, ఇప్పటికన్నా కష్టమవుతుంది.

అందుకే వాడికి రాశాను: ముందు లైసెన్సు తెచ్చుకో, ఏ దారినైనా సరే. సైన్యం దారి అయితే హకీంపేట మీ డాబా మీది నుంచే కనిపిస్తుంది. ఆ తర్వాత ఏ శాఖ పిలిచినా ఇంటర్వ్యూలో జీతం అడిగేముందు, పోయిన ఏడాది వాతావరణం బాగోలేదని మీ పైలట్లు ఎన్నిసార్లు ఆగిపోయారు, ఆ కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారు అని అడుగు. జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చెయ్.

వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అది సరే మామయ్యా, ఆ చినో రోజు తర్వాత మీ సార్ మీకు ఏం శిక్ష వేశారు?" అన్నాడు. నా లాగ్ పుస్తకం తీసి చూశాను. ఆ పేజీలో చినో, తిరుగు ప్రయాణం, గంటలు, నా సంతకం ఉన్నాయి. దాని కింది లైనులో మర్నాటి పాఠం ఆయన చేతిరాతలోనే ఉంది: ఖాళీ స్థలంలో దిగడం, పదకొండు సార్లు. ప్రతిసారీ దింపి, ఇంజను ఆపి, ఫోన్ తీసి, పక్క సీట్లోనే కూర్చున్న ఆయనకు కాల్ చేసి "నేను దిగిపోయాను, వచ్చి తీసుకెళ్లండి" అని చెప్పించాడు.